మన్యానికి వచ్చేవాళ్లు, మన్యంలో ఉండేవాళ్లు

తూర్పు కనుమల్లో శ్రీకాకుళం, పార్వతీపురం కొండల నుంచి అరకు, పాడేరు, చింతపల్లి, రంపచోడవరం మీదుగా భద్రాచలం దాకా, గోదావరి దాటి ఏటూరునాగారం, ఉట్నూరు అడవుల దాకా ఉన్న ప్రాంతాన్ని తెలుగువాళ్లు మన్యమనీ ఏజెన్సీ అనీ పిలుస్తారు. సవరలు, జాతాపులు, కొండదొరలు, బగతలు, గదబలు, పోర్జలు, ఖోందులు, కొండరెడ్లు, కోయలు, గోండులు తరతరాలుగా ఉంటున్న నేల ఇది. మైదానం నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడదామనుకున్నవాళ్లు కనీసం రెండు వందల ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. మొదట ఉప్పు, గుడ్డలు, ఎండుచేపలు మోసుకుని వ్యాపారి వచ్చాడు. తర్వాత పొగాకు, పత్తి వేసే రైతు వచ్చాడు. కాంట్రాక్టరు, ఉద్యోగి, కూలి వచ్చారు. ఇప్పుడు లంబసింగి మంచు చూసి, ఇక్కడే నాలుగు సెంట్లు కొని ఇల్లు కట్టుకుంటే ఎంత బాగుంటుంది అనుకునే నగరవాసి వస్తున్నాడు. వీళ్లందరి విషయంలో కొండవాళ్ల మనసు ఒక్కలాగే లేదు. అతిథిగా వచ్చినవాడికి గంజి పోసి చాప వేసిన ఇంట్లోనే, భూమి అడిగినవాడికి గుమ్మం దగ్గరే సమాధానం దొరుకుతుంది. ఆ తేడా ఎక్కడ మొదలైందో తెలియాలంటే కొంత చరిత్ర, కొంత చట్టం తెలియాలి.

చాలాకాలం మన్యాన్ని కాచినవి రెండే. ఒకటి దారి లేకపోవడం, రెండోది మన్యం జ్వరం. మలేరియా భయంతో వానాకాలంలో కొండెక్కడానికి మైదానం వాళ్లు జంకేవాళ్లు. తిరుగుబాట్లు అణచడానికి వచ్చిన బ్రిటిషు పటాలాలకూ ఆ జ్వరం తప్పలేదు. స్వాతంత్ర్యం తర్వాత పరిస్థితి మారింది. 1953లో దేశవ్యాప్తంగా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై ఊరూరా డీడీటీ చల్లారు. మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు కట్టారు, వాటి కోసం ఘాట్ రోడ్లు వేశారు. 1960ల చివరికి కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ వరకు రైలు నడిచింది. ఇనుప ఖనిజం కోసం వేసిన ఆ పట్టాల మీదే జనమూ ఎక్కివచ్చారు. కొండవాళ్లకు ఈ దారుల వల్ల ఆసుపత్రి, బడి, సంత దగ్గరయ్యాయి. వాటితోపాటే అప్పు, తాకట్టు, కోర్టు కాగితం కూడా గుమ్మంలోకి వచ్చాయి.

మైదానం మనిషితో కొండవాళ్లకు మొదటి పరిచయం సంతలోనే. చాలా ఊళ్లకు అదే బయటి ప్రపంచం. తెల్లవారకముందే కావిడి భుజాన వేసుకుని పసుపు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, కరక్కాయలు దించుకొస్తారు. షావుకారు వాళ్లు సంతకు చేరేదాకా ఆగడు. దారి మలుపులోనే నిలబడి కావిడి పట్టుకుంటాడు. నిరుడు పండక్కి ఇచ్చిన బియ్యం, పెళ్లికి ఇచ్చిన చీర, జబ్బు చేస్తే ఇచ్చిన పాతిక రూపాయలు అతని పుస్తకంలో ఉంటాయి. ఏ తేదీన ఎంత రాశాడో ఎదుటివాడు చదవలేడు. సరుకు షావుకారు తక్కెడలో, షావుకారు రాళ్లతోనే తూగుతుంది. వెల కూడా అతనే చెబుతాడు. తూకం అయ్యేసరికి అసలు తీరదు, వడ్డీలో కొంత మాత్రం పోతుంది. మిగిలిన బాకీకి వచ్చే ఏటి పంటను ఇప్పుడే రాసిస్తే ఇంటికి పట్టుకెళ్లడానికి ఉప్పు, కిరసనాయిలు దొరుకుతాయి. ఇలా మూడు నాలుగేళ్లు గడిస్తే పంట సరిపోక పల్లపు మడి తాకట్టులోకి వెళ్తుంది. మడి పోయినవాడు ఆ మడిలోనే పాలేరు అవుతాడు. అప్పు కింద మనిషినే కట్టేసుకునే పద్ధతి ఎంత ముదిరిందంటే, దాన్ని రద్దుచేస్తూ 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీకి ప్రత్యేకంగా ఒక నిబంధన తేవలసి వచ్చింది. షావుకార్ల పట్టు తప్పించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. జీసీసీ అని అందరూ పిలిచే ఆ సంస్థ అటవీ ఉత్పత్తులు కొనడం, డిపోల్లో సరుకులు అమ్మడం మొదలుపెట్టాక సంత కొంత మారింది. పాత షావుకారు మాత్రం పూర్తిగా పోలేదు.

ఈ కోపం తిరుగుబాటుగా మారిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1879 రంప తిరుగుబాటుకు చెప్పుకునే కారణాల్లో ముఖ్యమైనది కల్లు మీద వేసిన పన్ను. ఇంటికోసం గీసుకునే కల్లుకు కూడా చిగురుపన్ను కట్టమన్నారు. రెండో కారణం అంత ప్రచారంలో లేదు. మైదానపు వర్తకులు కొండవాళ్ల మీద సివిల్ కోర్టుల్లో దావాలు వేసి, వాళ్లు హాజరు కాకుండానే డిక్రీలు తెచ్చుకుని, పశువుల్నీ సొత్తునూ జప్తు చేయించేవాళ్లు. దావా పడిందన్న సంగతి కొండ ఊరికి జప్తు రోజునే తెలిసేది. 1922లో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటం వెనక అటవీ చట్టాల బాధ, పోడు వ్యవసాయం మీద ఆంక్షలతో పాటు నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేస్తున్న రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టి చేయించిన చాకిరీ కూడా ఉంది. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి స్థానిక నాయకులు ఆ పోరులోకి వచ్చింది ఆ చాకిరీని, పోయిన హక్కుల్ని కళ్లారా చూసే. బయటివాళ్ల రాక మీద కొండవాళ్లకున్న అనుమానం మూఢత్వమనీ అమాయకత్వమనీ రాసేవాళ్లు ఈ రెండు తిరుగుబాట్ల కారణాలు ఒకసారి చదవాలి. ఆ అనుమానానికి పుట్టిల్లు కోర్టు డిక్రీ, షావుకారు పుస్తకం.

మామూలు కోర్టులు కొండలకు పొసగవని ప్రభుత్వాలు కూడా తొందరగానే గుర్తించాయి. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను మామూలు కోర్టులు, చట్టాల నుంచి తప్పించి కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించారు. ఏజెన్సీ అన్న పేరు అప్పటిదే. 1917లో మద్రాసు ప్రభుత్వం మరో అడుగు వేసింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివాళ్ల భూమి ఇతరులకు బదిలీ అయితే చెల్లదని చట్టం చేసింది. రాజ్యాంగం వచ్చాక ఈ ప్రాంతాలు అయిదో షెడ్యూలు కిందికి వచ్చాయి. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధన తెచ్చారు. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. అయినా గిరిజనేతరులు తమలో తాము కొనుక్కోవడానికి అడ్డు లేకపోవడంతో, ఒకసారి చేయి మారిన భూమి ఎన్నటికీ వెనక్కి రాలేదు.

1/70 అనే నిబంధన వచ్చింది అప్పుడే. 1967 నుంచి శ్రీకాకుళం గిరిజనోద్యమం సాగుతున్న కాలమది. వడ్డీలు, తాకట్టులు, కూలి రేట్ల మీద మొదలైన ఆ పోరాటం సాయుధపోరాటమై రక్తపాతం దాకా వెళ్లింది. ఆ ఒత్తిడిలోనే 1970లో ప్రభుత్వం పాత నిబంధనను సవరించింది. 1970లో చేసిన మొదటి నిబంధన కనక జనం నోట అది వన్ సెవెంటీ చట్టమైంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తి ఎవరిదైనా సరే, గిరిజనుడికో గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, బినామీ, ఏ రూపంలో జరిగినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత భూమి ఉన్నవాడిదే. గిరిజనేతరుడు అమ్ముకోవాలనుకుని, కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పగించాలి. ఇది అన్యాయమని గిరిజనేతరులు సుప్రీంకోర్టుకు వెళ్తే 1988లో కోర్టు ఈ నిబంధనను సమర్థించింది. బొర్రా పరిసరాల గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో ఇంకా ముందుకు వెళ్లి, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలోని తన భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి లేదని చెప్పింది.

కాగితం మీద ఇంత గట్టి చట్టం ఉన్నా మన్యంలో మేడలు లేస్తూనే ఉన్నాయి. ఎలాగన్నది కొండవాళ్లందరికీ తెలుసు. పట్టా గిరిజనుడి పేరునే ఉంటుంది. పక్కన ఒక స్టాంపు కాగితం మీద, రిజిస్ట్రేషన్ లేకుండా, ఫలానా మొత్తం ముట్టింది కనక ఫలానావారు అనుభవించవచ్చునని రాసుకుంటారు. కోర్టులో ఆ కాగితానికి విలువ లేదు. కానీ వేలిముద్ర వేసినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరు, చెప్పినా డబ్బు ఖర్చయిపోయాక అడగడానికి ధైర్యం చాలదు. హోటలు, లాడ్జి, పెట్రోలు బంకు లైసెన్సుల్లో కనిపించే గిరిజనుడి పేరు వెనక అసలు యజమాని వేరే ఉండడం కొత్త కాదు. నమ్మకమైన పనివాడి పేరున కొనడం ఒక పద్ధతి. గిరిజన స్త్రీని పెళ్లి చేసుకుని ఆమె పేరున కొనడం మరో పద్ధతి. కొన్నిచోట్ల ఆ పెళ్లి నిజమైన కాపురమే. మరికొన్ని చోట్ల భూమి అక్కర తీరేదాకా సాగి ఆగిపోయింది. గిరిజన సంఘాలు అన్నిటికన్నా బాధతో మాట్లాడేది దీని గురించే, ఎందుకంటే ఇందులో భూమితోపాటు ఒక ఆడపిల్ల బతుకు కూడా పణంగా పోతుంది.

ఫలితం ఏమిటంటే, ఉమ్మడి రాష్ట్రంలో షెడ్యూల్డ్ ప్రాంతాల సాగుభూమిలో సగానికి దగ్గరగా గిరిజనేతరుల చేతుల్లో ఉందన్న లెక్క ప్రభుత్వం వేసిన కమిటీల చర్చల్లోకే వచ్చింది. గోదావరి ఒడ్డు మండలాల్లోనూ ఆదిలాబాద్ నల్లరేగడి నేలల్లోనూ ఇది మరీ ఎక్కువ. ఎత్తుగా, చలిగా, దూరంగా ఉన్న పాడేరు వైపు తక్కువ. ఇప్పుడు ఆ పాడేరు, అరకు ప్రాంతాలతో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో జనాభాలో అయిదింట నాలుగు వంతులకు పైగా గిరిజనులే. కొత్తవాళ్ల మీద అభిప్రాయం కూడా ఈ లెక్కను బట్టే మారుతుంది. ఇంకా తమ నేల తమ చేతిలో ఉన్న ఊళ్లు పర్యాటకుణ్ని కుతూహలంగా చూస్తాయి. సగం పోగొట్టుకున్న ఊళ్లు కొత్త ముఖాన్ని చూడగానే అతని చేతిలో కొలతల టేపు ఉందా అని వెతుకుతాయి.

అయితే మన్యంలో ఉన్న గిరిజనేతరులందరూ షావుకార్లు కారు. ఈ మాట గిరిజన సంఘాల్లో పనిచేసేవాళ్లూ ఒప్పుకుంటారు. కూలికి వచ్చి ఉండిపోయిన దళితులు, చాకలి, మంగలి, కుమ్మరి వంటి చేతిపనుల కుటుంబాలు, రోడ్డు పనికో డ్యాం పనికో వచ్చి గుడిసె వేసుకున్నవాళ్లు మూడో తరంలోకి వచ్చారు. వాళ్ల పిల్లలకు మైదానంలో సొంతూరు లేదు, కొండమీద సెంటు భూమి కొనే హక్కు లేదు. తండ్రి ఇంటిని అమ్ముకుందామన్నా కొనడానికి గిరిజనుడే కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే చాలంది. ఇతర అటవీవాసులకు మాత్రం 75 ఏళ్లు, అంటే మూడు తరాల నివాసం చూపించమంది. ఊరి రికార్డులే సరిగా లేని చోట అంత పాత రుజువు తేవడం పేదవాడికి దాదాపు అసాధ్యం. పంచాయతీరాజ్ చట్టాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 పెసా చట్టం ప్రకారం సర్పంచి, మండల అధ్యక్ష పదవులు గిరిజనులకే. ఆ పదవి అందదన్న బాధ గిరిజనేతరులకు ఉంది. కానీ చుట్టూ దేశమంతా వాళ్లు పోటీ చేయగల చోటే, గిరిజనుడికి తన మాట నెగ్గే చోటు ఈ కొండ ఒక్కటే. పేద గిరిజనేతరుడి కష్టానికి న్యాయం వెతకవలసిందే. అది గిరిజనుడి భూమిలోంచి వెతకడం మాత్రం తగదు.

కొత్తవాడు గిరిజనుడే అయితే? అక్కడా కథ సాఫీగా లేదు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టు వ్యతిరేక దళాలైన సల్వాజుడుం అల్లర్ల నుంచి పారిపోయి వేల కుటుంబాలు గోదావరి అడవుల్లోకి వచ్చాయి. ఇక్కడివాళ్లు వాళ్లను గుత్తికోయలంటారు. భాష, ఇంటిపేర్లు, దేవుళ్లు కలవడంతో స్థానిక కోయలు తొలిరోజుల్లో చోటిచ్చారు, మిరపకోతకు కూలి చూపించారు. అడవి లోపల కొత్త పోడు పెరిగేకొద్దీ, అటవీశాఖతో తగాదాలు వచ్చేకొద్దీ ఆ ఆదరణలో బీటలు పడ్డాయి. వాళ్ల తెగ గుర్తింపు ఛత్తీస్‌గఢ్‌లోనే ఉండిపోవడంతో ఇక్కడ కులధ్రువీకరణ పత్రం దొరకదు, అది లేక పథకాలూ హక్కులూ దొరకవు.

ఆదిలాబాద్‌లో తగాదా ఇంకో రకం. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలకు ఎస్టీ హోదా వచ్చింది. పెన్‌గంగ అవతలి మహారాష్ట్రలో వాళ్లు ఎస్టీలు కారు. నది దాటి వచ్చినవాళ్లు ఇక్కడ గిరిజనులయ్యారనీ, 1/70 వాళ్లను ఆపలేకపోయిందనీ గోండులు, కొలాములు అంటారు. తాము కూడా తరాలుగా ఇక్కడే ఉన్న పేదలమని తండాల్లోని లంబాడాలు అంటారు. 2017లో ఉట్నూరు ప్రాంతంలో ఇది ఘర్షణల దాకా వెళ్లింది. రెండు వైపులా ఉన్నది భూమి, చదువు, ఉద్యోగం దొరకని పిల్లలే. దీనికి చాలాముందు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యల మీద సభకు బయల్దేరిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా నిలిపిన స్తూపం దగ్గర ఏటా ఏప్రిల్‌లో జనం చేరతారు. కొత్తవాళ్ల గురించి ఆ ప్రాంతంలో ఎవరు మాట్లాడినా ఆ రోజు గుర్తుకు రాకుండా ఉండదు.

భూమి తర్వాత కొండవాళ్లు కొత్తవాళ్లతో పోటీపడేది ఉద్యోగం దగ్గర. బడిపంతులు మైదానం నుంచి వస్తే వారంలో సగం రోజులు బస్సులోనే గడుస్తాయి. వాన పడితే రాడు. వచ్చినా కువి, గదబ, ఆదివాసీ ఒడియా భాషలు మాట్లాడే పిల్లలకు అతని తెలుగు అర్థం కాదు. అందుకే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో ప్రభుత్వం జీవో 3 తెచ్చింది. రెండు దశాబ్దాల్లో వేల ఇళ్లలో మొదటి జీతం దాని వల్లే వచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆనాటి నుంచి ఏజెన్సీలో జరిగిన ధర్నాల్లో, బంద్‌లలో జీవో 3 డిమాండు లేనిది దాదాపు లేదు. చదువుకున్న గిరిజన యువతకు మైదానపు అభ్యర్థి పోటీగా కనిపిస్తున్నాడంటే అతని మీద ద్వేషంతో కాదు. కోచింగ్ సెంటరు వాకిట్లో ఉన్నవాడితో, తమ మొదటి తరం చదువునే నమ్ముకుని పోటీ పడవలసి రావడమే వాళ్ల బాధ.

ఇంత చరిత్ర ఉన్నా ఈ నేల కొందరు కొత్తవాళ్లను గుండెల్లో పెట్టుకుంది. అల్లూరి సీతారామరాజు మన్యంలో పుట్టలేదు. 1897లో పాండ్రంగిలో పుట్టి, 1917లో కృష్ణదేవిపేట వచ్చి అక్కడ ఉండిపోయాడు. వైద్యం చేశాడు, తగాదాలు తీర్చాడు, తాగుడు మానమన్నాడు, కోర్టుకు వెళ్లకుండా ఊళ్లోనే పంచాయతీ పెట్టుకోమన్నాడు. తిరుగుబాటు నాటికి ఆయన వచ్చి అయిదేళ్లే. అయినా 1924 మేలో ఆయన్ను కాల్చేసేదాకా అంతమంది ఆయన వెంట నడిచారు. శ్రీకాకుళం ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పార్వతీపురం ఏజెన్సీలో బడిపంతుళ్లుగా మొదలుపెట్టి షావుకార్ల వడ్డీల మీద గిరిజనుల్ని కూడగట్టారు. వాళ్లు పట్టిన సాయుధ మార్గం మీద ఎవరి అభిప్రాయం వారిదే. సవరలు, జాతాపులు వాళ్లను పరాయివాళ్లుగా చూడలేదన్నది మాత్రం నిజం.

వీళ్లకన్నా దూరం నుంచి వచ్చినవాడు హైమెండార్ఫ్. ఆస్ట్రియాకు చెందిన ఈ మానవశాస్త్రవేత్త, 1940లో జోడేఘాట్ దగ్గర గోండు తిరుగుబాటు నాయకుడు కొమరం భీం చనిపోయాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం తరఫున వెళ్లాడు. మార్లవాయిలో గుడిసె వేసుకుని భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు, గోండు పిల్లలకు వాళ్ల భాషలో బడి పెట్టించాడు, భూమికి పట్టాలిమ్మని ప్రభుత్వానికి రాశాడు. 1970ల్లో తిరిగి వచ్చినప్పుడు ఆ పట్టా భూముల్లో చాలాభాగం వలస వచ్చిన రైతుల చేతుల్లోకి పోయి ఉండడం చూసి 1982లో ఒక పుస్తకమే రాశాడు. 1987లో బెట్టీ చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో చనిపోయాడు. 2012లో ఆయన అస్థికలూ అక్కడికే వచ్చాయి. వాళ్ల వర్ధంతులకు గోండులు ఇప్పటికీ ఆ సమాధుల దగ్గర చేరతారు. రాజుకూ, బడిపంతుళ్లకూ, ఈ దంపతులకూ ఉన్న పోలిక ఒకటే: వీళ్లెవరూ అక్కడికి భూమి కోసం రాలేదు.

ఇప్పటి కొత్తవాడు పర్యాటకం వెంట వస్తున్నాడు. వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగి డిసెంబరు, జనవరి వారాంతాల్లో కార్లతో నిండిపోతుంది. పాడేరు దగ్గర వంజంగి మేఘాలకొండ గత కొద్ది ఏళ్లలోనే పేరుకెక్కింది. అరకు రైలుకు 2017లో అద్దాల పెట్టె తగిలించాక గిరాకీ పెరిగింది. ఊళ్లకు దీనివల్ల లాభం ఉంది. టీ కొట్టు, గుడారం అద్దె, జీపు కిరాయి, రాజ్‌మా, మిరియాలు, తేనె అమ్మకం గిరిజన యువతకు కొత్త సంపాదన. నష్టమూ ఉంది. ఊట నీళ్ల గెడ్డలో సీసాలు, బిర్యానీ పొట్లాలు తేలుతాయి. తెల్లవారుజామున పాటల మోతకు పశువులు బెదురుతాయి. పొలంలో వంగి పనిచేసుకుంటున్న ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీస్తారు. చనిపోయినవాళ్ల పేరున నిలిపిన రాళ్ల మీద ఎక్కి కూర్చుంటారు. పెళ్లిలో, పండగలో ఊరంతా ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి ఆడే థింసా, రిసార్టు మంట చుట్టూ గంటకింత అని బేరమాడి ఆడే ఆటైపోయింది. ఆడేవాళ్లకు ఆ డబ్బు అవసరమే. ఊళ్లో పెద్దలకు అది మనసుకు పట్టదు.

చైత్రమాసంలో ఇటుకల పండగ రోజుల్లో పాడేరు, అరకు దారిన వెళ్లేవాళ్లకు ఈ సంబంధం దగ్గరగా కనిపిస్తుంది. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చిన ప్రతి బండినీ ఆపి డబ్బు అడుగుతారు. కలెక్టరు జీపైనా సరే, లారీ అయినా సరే, ఇచ్చి వెళ్లాలి. తెలియనివాళ్లు విసుక్కుంటారు. ఇది ముష్టి కాదు. ఏడాదంతా తమ నేల మీదుగా తిరిగే బయటివాళ్లు ఈ కొద్ది రోజులు ఊరికి ఇచ్చుకోవలసిన మర్యాద. నవ్వుతూ దిగి పది రూపాయలు చేతిలో పెట్టి, వాళ్లతో రెండడుగులు వేసినవాడిని ఊరు మరిచిపోదు. హారన్ కొట్టినవాడినీ మరిచిపోదు.

కొండల్లో కొత్తవాళ్ల రాక మీద ఇలాంటి భయం ఒక్క మన్యానిదే కాదు. హిమాచల్ ప్రదేశ్ 1972 నాటి కౌలు, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షను ద్వారా, రాష్ట్రంలో వ్యవసాయదారులు కానివాళ్లు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనకుండా కట్టడి చేసింది. ఉత్తరాఖండ్ ఇరవై ఏళ్లపాటు నిబంధనలు బిగిస్తూ సడలిస్తూ వచ్చి, 2025లో హరిద్వార్, ఉధంసింగ్ నగర్ తప్ప మిగిలిన 11 జిల్లాల్లో సాగుభూమి, తోటభూమి బయటివాళ్లు కొనకుండా చట్టం చేసింది. అక్కడి ఊళ్లలోనూ వినిపించేది ఇదే మాట: వచ్చి పోయేవాళ్లు రండి, నేల మాత్రం అడగకండి.

మన్యంలో సరైన దారి చూపిన ప్రయత్నాలు లేకపోలేదు. మారేడుమిల్లి అడవిలో పర్యాటకుల విడిదిని అక్కడి గిరిజనుల వన సంరక్షణ సమితి నడుపుతోంది. వండేవాళ్లు, దారి చూపేవాళ్లు, లెక్క రాసేవాళ్లు ఆ ఊళ్లవాళ్లే. పాడేరు, అరకు కాఫీ సంగతీ అలాంటిదే. సిల్వర్‌ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియపు తీగలు లక్ష ఎకరాలకు పైగా గిరిజన రైతుల చేతుల్లోనే ఉన్నాయి. 2019లో ఆ కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ ఎంచడం, పులియబెట్టడం, ఎండబెట్టడం నేర్పినవాళ్లు, కొని అమ్మిపెట్టినవాళ్లు చాలామంది బయటివాళ్లే. తోట మాత్రం రైతు పేరునే ఉంది. బయటి నైపుణ్యం, బయటి పెట్టుబడి కావాలంటే భూమి చేతులు మారి తీరాలన్న వాదనకు ఈ కాఫీ తోటలే జవాబు.

ఆ వాదన మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. పర్యాటక పెట్టుబడుల కోసం 1/70ని సడలించాలన్న మాటలు 2025 మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో పైకి వచ్చాయి. గిరిజన సంఘాలు పార్టీలతో పని లేకుండా ఒక్కటయ్యాయి. ఫిబ్రవరిలో రెండు రోజులు మన్యం బంద్ చేశాయి. చట్టాన్ని మార్చే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి ప్రకటించారు. కాబట్టి కొండమీద బతకాలనుకునే మైదానం మనిషికి డాక్టరుగా, టీచరుగా, కాఫీ కొనేవాడిగా, ఊరి విడిదిలో నెలల తరబడి ఉండే అతిథిగా తలుపు తెరిచే ఉంది. భూమి కొంటానంటే మాత్రం చట్టం ఒప్పుకోదు, ఊరూ ఒప్పుకోదు.